మూడో వరస

హలో… ఆ, అమ్మనేరా పెద్దోడా.

…నాన్నకేం కాలేదు. నాకూ ఏం కాలేదు. ఇంకా కాలేదు, అంతే.

…పనిలో ఉన్నావని తెలుసు. చెల్లి సీటు పోయేలా ఉంది, విను. కాలేజీ నుంచి ఫోనొచ్చింది. అది పంపిన మార్కుల కాగితం మసకగా ఉందట. నాలుగులోపు మంచిది పంపకపోతే నర్సింగు సీటు వెనకున్న పిల్లకి ఇచ్చేస్తారట. ఇప్పుడు మూడూ ఇరవై.

—దానికి ఫోనెలా చేస్తాను, పరీక్ష హాల్లో ఉంటే? అసలు కాగితం దాని సంచీలోనే ఉంది. మంచి కాపీ మన కంప్యూటర్లో ఉంది. పంపడం నాకు నేర్పింది కూడా. ఆ కంప్యూటరే నన్ను లోపలికి రానివ్వడం లేదు.

…నువ్వు రాసి అంటించిన చీటీ చూసే నొక్కానురా. నల్ల తెర మీద వరసలొస్తాయి. కింది బాణం రెండుసార్లు, ఎంటర్. మూడో వరస. ఏడాదిగా అదేగా చేస్తున్నాను.

—చదవక్కర్లేదు, లెక్కపెడితే చాలన్నది నువ్వే. అన్నీ ఇంగ్లీషు, అన్నీ కవలపిల్లల్లా ఒక్కలాగే ఉంటాయి.

…ఉండు, ఆపి మళ్ళీ పెడతాను… ఒకటి, రెండు… ఐదున్నాయి. మొన్నటిదాకా నాలుగే.

…అప్‌డేటా? నిన్న పొరపాటున మొదటి వరస నొక్కితే ఏదో అడిగింది. ఏదడిగినా సరే అనమన్నావుగా. అన్నాను.

—నాలుగోదా? సరే… నొక్కాను. తిరుగుతోంది… పెద్దోడా, నల్లగా అయిపోయింది. తెల్లక్షరాలు చీమల బారులా పోతున్నాయి. ఏమైనా కాలుతుందా? తీగ పీకెయ్యనా?

…సరే. ముట్టుకోను.

…ఆగింది. పాస్‌వర్డ్ అడుగుతోంది. కొడుతుంటే తెర మీద ఒక్క చుక్కైనా పడటం లేదు.

—పడకపోయినా ఎక్కుతుందా? అలా ఎవరు పెట్టార్రా, కళ్ళు మూసుకుని సూదిలో దారం ఎక్కించమన్నట్టు.

…తప్పంటోంది.

—అవును, ఇది మీ బావదే. కంప్యూటర్ని నడపడానికి నువ్వెక్కించిన లినక్స్ పాతబడిందని, అక్క పురుటికొచ్చినప్పుడు పక్కనే ఆయన లినక్స్ ఇంకొకటి పెట్టి వెళ్ళారుగా. చెల్లి అన్నీ అందులోనే దాస్తుంది. నీదీ ఉచితమే, ఆయనదీ ఉచితమే. ఒక్క డబ్బాలో రెండు కాపురాలు పెట్టి, తాళాలు తలోదిక్కూ పట్టుకుపోయారు.

…అడిగాను. నీకంటే ముందు ఆయనకే చేశాను. నాన్న ఫోన్లో బావ ఇంకా లైన్లోనే ఉన్నారు. ఆగు, అడుగుతాను.

…చెప్పారు, కొట్టాను. లోపలికైతే పోయింది. బొమ్మల్లేవు, కాగితాల్లేవు. ఉత్త నల్ల తెర, చివర ఒక గీత కొట్టుకుంటోంది.

—ఏం చెయ్యాలో ఆయన చెప్పలేరట. నిన్న నీదాంట్లో ఎక్కిన అప్‌డేటేమిటో తెలియాలట.

…నువ్వూ చెప్పలేవా? ఆయన ఎక్కడ ఏం పెట్టారో తెలియాలా?

—ఆయనది తీసెయ్యనా? ఆయన ఇందాక నీది తీసెయ్యమన్నారు. ఏది తీసేసినా కాగితం పోతే, చెల్లి ఇంటికొచ్చి అడిగితే నేనేం చెప్పను? రెండేళ్ళు కూర్చుని చదివింది.

…ఆ ఇంగ్లీషు మాట ఆయనకి నేను చెప్పలేను. నాకు నోరు తిరగదు. ఇందాక ఆయనన్నది నీకు సగమే చెప్పాను, మిగతా సగం మరిచిపోయాను. మీరిద్దరూ మాట్లాడుకోక ఏడాదైంది. ఎవరి లినక్స్ గొప్పదని పోట్లాడుకున్నారో ఇప్పటికీ నాకు అర్థం కాలేదు. మధ్యలో ఇలా అర్థంకాని అక్షరాలు మోస్తూ చస్తున్నాను.

…మూడూ ముప్పై ఎనిమిది.

—వద్దు, నాతో చెప్పకు. రెండు ఫోన్లూ స్పీకర్‌లో పెట్టి ఎదురెదురుగా ఆనిస్తున్నాను. బావా అని పిలువు.

…పిలవరా.

…వినపడలేదట. ఇంకోసారి.

…ఊఁ అన్నారు. ఇక నిన్న ఏం ఎక్కిందో నువ్వు చెప్పు, ఎక్కడ దాచారో ఆయన చెబుతారు. ఇద్దరూ ఒక్క మాట మీదికొచ్చాక, ఏం కొట్టాలో ఒక్కో అక్షరం నాకు చెప్పండి. నా వేళ్ళు కీల మీదే ఉన్నాయి… ఫోన్లు రెండూ ఇక్కడే బల్ల మీద పెడుతున్నాను.