ఏడు పూతల రంగు

అమ్మలారా, అయ్యలారా, ఓడల మీద పనిచేసే అన్నదమ్ములారా. ఈ యూనియన్ హాలు నిండగా నేనెప్పుడూ చూడలేదు. సమ్మెకు పిలిచినప్పుడు సగం కుర్చీలు ఖాళీ. మనవాళ్ళు పదిహేడుమంది సముద్రంలో పోతేగాని ఇది నిండలేదు.

వాళ్ళెక్కిన సరుకు ఓడను శత్రువు సబ్‌మెరైన్ ముంచిందని పత్రికలు రాశాయి. నిజమే, టార్పెడో వాళ్ళదే. కానీ ఓడ మునగడానికి నలభై నిమిషాలు పట్టింది. నలభై నిమిషాల్లో రెండు లైఫ్‌బోట్లు ఎందుకు దిగలేదు? అదీ శత్రువే చేశాడా?

ఆ ఓడ సరంగు, డెక్కు పనివాళ్ళందరికీ పెద్ద, మా బావ. మా అక్క ముందు వరసలోనే ఉంది. అతని చేతికింద పనిచేసినవాళ్ళకు తెలుసు, కప్పీలకు గ్రీజు పెట్టందే టీ తాగనిచ్చేవాడు కాదు. తనిఖీ వస్తుందంటే కంపెనీ ఏం చేస్తుంది? తుప్పు గీకించదు, పైన రంగు కొట్టిస్తుంది. లైఫ్‌బోట్లు వేలాడే కప్పీల మీదా అదే రంగు, అవి తిరగకుండా బిగుసుకుపోయేలా. "కప్పీకి పెళ్ళికూతురి ముస్తాబు దేనికయ్యా, తిరిగితే చాలదూ" అని నవ్వేవాడు బావ. బ్రష్ ముట్టనన్నందుకు ఒక ప్రయాణమంతా అతన్ని ఒడ్డున కూర్చోబెట్టారు.

ఓడ బయల్దేరే ముందురోజు బావ నా ఆఫీసుకొచ్చాడు. కప్పీ మీది రంగు పెచ్చు నా బల్ల మీద పెట్టాడు. బిస్కెట్టంత మందం. "లెక్కపెట్టు బావమరిదీ, ఏడు పూతలు. ఏడుసార్లు తనిఖీ పాసయ్యాం. పడవ మాత్రం ఒక్కసారీ దిగలేదు."

తనిఖీ కాగితం మీద కార్మికుల తరఫు సంతకం నాది. అది లేందే ఓడ కదలదు. నేనేమన్నాను? "యుద్ధం రోజులు బావా. ఇప్పుడు ఓడ ఆపితే దేశద్రోహులంటారు. తిరిగొచ్చాక చూద్దాం." పై డెక్కు ఎక్కకుండానే సంతకం పెట్టాను. ఇరవై ఏళ్ళుగా ఇదే మైకు ముందు యజమానులను ఏకిపారేసిన నోరు, ఒక్క మాటకు భయపడింది.

బతికొచ్చిన వంటమనిషి చెప్పాడు. బావ చివరిదాకా ఆ కప్పీని సుత్తితో కొడుతూనే ఉన్నాడట, "ఊడేట్టుంది, ఉండండిరా" అంటూ. అది ఊడలేదు.

అక్కా, నీ ముఖం చూడలేక ఇటు తిరిగి మాట్లాడుతున్నాను. విచారణలో ఆ సంతకం నాదేనని చెబుతాను. దాంతో నా సిగ్గు తీరదు.

ఇదే కంపెనీ రెండో ఓడ రేపు పొద్దున బయల్దేరుతోంది. దాని కాగితం నా జేబులో ఉంది. ఇప్పుడు లేచి నిలబడదాం. ఇన్ని నిమిషాలని నేను గంట కొట్టను, వాళ్ళను తలుచుకున్నంతసేపు ఎవరూ మాట్లాడొద్దు. ఆ తర్వాత ఇళ్ళకు పోకండి, నాతో రేవుకు రండి. పడవలు నీళ్ళలోకి దిగాకే నేను కలం తీస్తాను.

లేవండి.