ఫర్వాలేదన్న మనిషి

పరాయి దేశపు ఆసుపత్రిలో డాక్టరు గది బయట బెంచీ మీద అక్క ఎదురుచూస్తోంది. తల్లిని లోపలే కూర్చోబెట్టి తమ్ముడు బయటికి వచ్చాడు.

"ఇంటికి తీసుకెళ్లమంటున్నాడక్కా. గ్యాస్ అట."

"గ్యాసా? పొద్దున గోడ పట్టుకుని నడిచిందిరా."

"ఆ మాట అమ్మ చెప్పొద్దూ? ఎలా ఉందని అడిగితే ఫర్వాలేదని నవ్వింది."

"నువ్వేం చేస్తున్నావు మరి?"

"నేను చెప్పాను. మీ దేశంవాళ్లు గోరంత నొప్పికి కొండంత గోల చేస్తారు, ఈవిడ నవ్వుతోందంటే ఏమీ లేనట్టేనన్నాడు."

"దేశమంతా అరిస్తే అమ్మా అరవాలా? మన పెద్దత్త తుమ్మితే వీధి వీధంతా ఉలిక్కిపడేది. అదే ఇంట్లో అమ్మ నిన్ను కంటే పక్కగదివాళ్లకి తెలియలేదు."

"ఇవన్నీ ఆయనకెలా చెప్పను?"

"నాన్న కూడా ఫర్వాలేదనే అన్నాడు. నమ్మి పడుకున్నాం. తెల్లారేసరికి లేడు."

తమ్ముడు తల దించుకున్నాడు. అక్క లేచింది.

"ఎక్కడికి?"

"లోపలికి. మనవాళ్లు ఎలా ఉంటారని ఆయన అనుకుంటున్నాడో, అలా ఉండటానికి."

పుట్టి బుద్ధెరిగాక ఆమె నలుగురిలో గొంతెత్తింది అదే మొదలు. కారిడార్లో నర్సులు ఎక్కడివాళ్లక్కడ నిలబడిపోయారు. చివరికి డాక్టరు విసుక్కుంటూనే స్కానింగుకి రాశాడు.

చక్రాల మంచం మీద తల్లి సిగ్గుతో ముడుచుకుపోయింది.

"ఎందుకే ఆ అరుపులు? వీళ్లింతే అనుకోరూ?"

"అనుకోనీ అమ్మా."

తల్లి కూతురి చేతిని వేళ్లు నలిగిపోయేలా పట్టుకుంది.