ఎర్ర దీపం భయం పోగొట్టిన ఉషారాణి గారికి

1990వ సంవత్సరం ఆగస్టు ఆరవ తేదీ, సోమవారం ఉదయాన, మార్కాపురంలోని మా గొర్రెల, మేకల పెంపకందార్ల సహకార సమాఖ్య కార్యాలయంలో శ్రీమతి ఉషారాణి గారు టైపిస్టుగా ఉద్యోగ బాధ్యతలు స్వీకరించారు. బేస్తవారిపేట నుంచి బస్సులో నిలబడి వచ్చి, కుర్చీ చూపించేలోపే కూర్చుని టైపు మిషను రిబ్బను సరిచేసుకున్న ఆ యువతి, ఈ నెలాఖరున కంప్యూటర్ విభాగాధిపతి హోదాలో పదవీ విరమణ చేయనుండటం మా సంస్థకు గర్వకారణం. మాకు కొంత దిగులుగానూ ఉంది, ఆ మాట దాచడమెందుకు!

టైపిస్టుగా ఆవిడ సామర్థ్యాన్ని గుర్తించిన అప్పటి యాజమాన్యం, గిద్దలూరు శాఖకు తొలి కంప్యూటరు వచ్చినప్పుడు ఆవిడనే అక్కడికి బదిలీ చేసింది. ఆ యంత్రానికి కుంకుమ బొట్టు పెట్టి, గుడ్డ కప్పి, దూరం నుంచి దణ్ణం పెట్టుకుంటున్న రోజులవి. ఉషారాణి గారు వెళ్ళీవెళ్ళగానే ఆ గుడ్డ తీసి బల్ల తుడవడానికి వాడారని, అందుకు శాఖాధికారి రెండు రోజులు మాట్లాడలేదని చెబుతారు. ఇంటి పనీ ఆఫీసు పనీ ముగించుకుని, భర్త వెంకటేష్ గారి ప్రోత్సాహంతో ప్రోగ్రాములు రాయడం నేర్చుకుని, తిరిగి మార్కాపురం ప్రధాన కార్యాలయానికి వచ్చేనాటికి, మా లెక్కలన్నిటికీ ఆవిడే దిక్కయ్యారు.

బయట కొన్న సాఫ్ట్‌వేరు మాకు ఒకపట్టాన సరిపడలేదు. దాని లెక్క ప్రకారం గొర్రె పుట్టిన ఊళ్ళోనే పెరిగి, ఆ ఊళ్ళోనే పోవాలి. మన మందలేమో ఎండాకాలం వచ్చిందంటే మేత వెతుక్కుంటూ జిల్లాలు దాటి పోతాయి. "మన జీవాలు నడిచేవి. లెక్క కూడా వాటి వెంట నడవాల" అని పాలకవర్గాన్ని ఒప్పించి, సొంతంగా ప్రోగ్రాములు తయారు చేసుకునే చిన్న విభాగాన్ని నెలకొల్పిన ఘనత నిస్సందేహంగా ఉషారాణి గారిదే.

ఆ విభాగానికి ఆవిడ చేసిన అతి ముఖ్యమైన ఏర్పాటు గురించి కుటుంబ సభ్యుల కోసం నాలుగు మాటలు చెప్పాలి. గది మూలనున్న ఒక కంప్యూటరులో, ఎవరూ పిలవనక్కరలేకుండా, నిరంతరం వెనుక నడుస్తూ ఉండే పరీక్షా వ్యవస్థ అది. ప్రోగ్రాంలో ఎవరు ఏ వాక్యం మార్చి సేవ్ చేసినా, అది తక్షణం లేచి పాత పరీక్షలన్నీ మళ్ళీ పెడుతుంది. పిల్లకు తల్లికన్నా వయసు ఎక్కువ వచ్చిందా? చనిపోయిన గొర్రెకు టీకా వేసినట్టు పడిందా? ఒకే చెవిబిళ్ళ నంబరు రెండు జీవాలకు ఎక్కిందా? అన్నీ సవ్యంగా ఉంటే బీరువా మీద అమర్చిన దీపం పచ్చగానూ, ఒక్కటి చెడినా ఎర్రగానూ వెలుగుతుంది. చేసే ప్రతి పనిలోనూ తప్పు వెతుకుతుందని మావాళ్ళు దానికి 'అత్తగారు' అని పేరు పెట్టారు. ఈ సంగతి తెలిసిన ఉషారాణి గారి అత్తగారు వెంకటసుబ్బులమ్మ గారు, "నాకన్నా అదే నయం లేమ్మా, అప్పుడప్పుడన్నా పచ్చది సూపిస్తాది" అని పకపకా నవ్వారట.

ఎవరి మార్పువల్ల ఎర్ర దీపం వెలిగితే వారు ఆ సాయంత్రం అందరికీ మిరపకాయ బజ్జీలు తెప్పించాలన్నది విభాగంలో సరదాగా మొదలైన ఆచారం. ఉషారాణి గారు కూడా దానికి నవ్వుతూ సమ్మతించారు. దీపం ఎర్రబడగానే తలలన్నీ ఒక్కసారిగా అటు తిరిగేవి, "ఎవరిదబ్బా ఇది?" అని ఎవరో ఒకరు అరిచేవారు. బజ్జీలు తినేవారికి బాగానే ఉండేది.

నాలుగేళ్ళ కిందటి వేసవిలో, వలస వెళ్ళే మందలకు టీకా, బీమా వివరాలుండే కార్డులు ఇవ్వాలని సమాఖ్య నిర్ణయించింది. కార్డు లేకుండా బయలుదేరితే, దోవలో జీవం చనిపోయినా బీమా అందదు. అర్ధవీడు మందలు అప్పటికే బేస్తవారిపేట పొలిమేరకు చేరి, మర్నాడు తెల్లవారుజామున కదలడానికి సిద్ధంగా ఉన్నాయి. కార్డుల ప్రోగ్రాం ఆ సాయంత్రానికి పూర్తి కావాలి. విభాగంలో అందరూ పొద్దుటి నుంచి తల ఎత్తకుండా పనిచేస్తున్నారు. దీపం పచ్చగా, నిశ్చలంగా వెలుగుతోంది. ఉషారాణి గారు దాన్ని చూసి ఎంతో సంతోషించారు.

మధ్యాహ్నం గాలివాన లేచి కరెంటు పోయింది. ఇన్వర్టరు బ్యాటరీ మరమ్మతుకు వెళ్ళి ఉంది. తెరలన్నీ ఆరిపోయాయి. "పోతే పోనీయండి, సేవ్ చేసిన కాడి నుంచి మొదలుపెడదాం" అన్నారు ఉషారాణి గారు. కొత్తగా చేరిన గోపిక, చున్నీ మొహానికి అడ్డం పెట్టుకుని ఏడవసాగింది.

"ఏంది గోపికా, పొద్దుటి నుంచి ఒక్కసారి కూడా సేవ్ చేయలేదా?"

"చేస్తే ఎర్రది వెలుగుతాది కదా మేడం. అందరూ నా దిక్కే చూస్తారు. పని మొత్తం అయినాక ఒకేసారి చేద్దామని ఊరకున్నా."

పక్క కుర్చీలోంచి సతీష్ కూడా మెల్లగా అన్నారు: "నేనూ అట్లనే మేడం. ఈ వారం బజ్జీలన్నీ నేనే తెచ్చినా."

అంతసేపూ దీపం పచ్చగా ఎందుకుందో ఉషారాణి గారికి అప్పుడు అర్థమైంది. పరీక్షించడానికి దానికి ఎవరూ ఏమీ ఇవ్వలేదు. తప్పు తొందరగా తెలియాలని తాను పెట్టిన ఏర్పాటే, తప్పును దాచుకోవడం నేర్పింది. ఆవిడ ఎవరినీ ఒక్క మాట అనలేదు. వరండాలోకి వెళ్ళి మందల పెద్ద గురుస్వామి గారికి ఫోను చేశారు. ఆయన గోపికకు తండ్రి.

"అన్నా, కార్డులు కాలేదు. ఇంకొక్క దినం నిలబడండి."

"ఈడ మేత అయిపోయింది గదమ్మా... సరేలే, ఒక దినం ఎట్లనో నెట్టుకొస్తాం. మా పాప ఏమన్నా తప్పు చేసిందా?"

"లేదన్నా. పాప బాగానే చేసింది. తప్పు నాది."

మర్నాడు ఉదయం అందరికన్నా ముందు వచ్చి, ఆవిడ బీరువా మీది దీపాన్ని స్వహస్తాలతో ఊడదీశారు. ఎవరి మార్పు ఫలితం వారి తెర మీద మాత్రమే కనబడేలా మార్చారు. బజ్జీల జరిమానా రద్దయింది. తరువాత అందరినీ తన బల్ల దగ్గరికి పిలిచి, కావాలనే ఒక తప్పు వాక్యం రాసి, సేవ్ చేసి, "ఎర్ర నాదే" అని ప్రకటించారు. ఆ వెంటనే దిద్ది పచ్చ చేశారు. ఆ రోజంతా తెరల మీద ఎరుపూ పచ్చా దాగుడుమూతలాడాయి. చేసిన ప్రతి చిన్న తప్పూ పుట్టినచోటే పట్టుబడింది. సాయంత్రానికి కార్డులు సిద్ధమయ్యాయి. సతీష్‌ను వెంటబెట్టుకుని, ఆవిడే స్వయంగా ఆటోలో వెళ్ళి వాటిని గురుస్వామి గారి చేతిలో పెట్టి వచ్చారు. ఆ వలసలో పిడుగుపాటుకు కొన్ని గొర్రెలు చనిపోయినప్పుడు, ఆ కుటుంబాలకు బీమా అందింది ఆ కార్డుల ఆధారంతోనే.

నాటి నుంచి నేటి వరకు ఉషారాణి గారి దినచర్య ఉద్దేశపూర్వకమైన ఒక తప్పుతోనే మొదలవుతోంది. వెనుక నడిచే పరీక్ష మేలుకునే ఉందో లేదో దానివల్ల తెలుస్తుంది. మేడం గారే తప్పు చేయగా మనమెంత అని కొత్తవారికి ధైర్యమూ వస్తుంది. పై అధికారులు వచ్చిన రోజున కూడా ఆవిడ ఈ నియమం తప్పలేదు. వారిలో ఒకరు కంగారుపడి "ఏమైంది?" అని అడిగితే, "ఏం కాలేదు సార్, బాగా పనిచేస్తోంది" అని తాపీగా జవాబిచ్చారు.

వచ్చే నెల నుంచి విభాగ బాధ్యతలు గోపిక స్వీకరిస్తారు. మొన్న సోమవారం ఉషారాణి గారు కాస్త ఆలస్యంగా వచ్చి గుమ్మంలో అడుగు పెట్టేసరికి, లోపలి నుంచి గోపిక గొంతు గట్టిగా వినబడింది: "ఎర్ర నాదే!" ఒక్క తల కూడా అటు తిరగలేదు. ఎవరి పని వారు చేసుకుంటున్నారు. ఉషారాణి గారు లోపలికి రాకుండా గుమ్మంలోనే కాసేపు నిలబడిపోయారు. కళ్ళు తుడుచుకోవడం మేము చూశాం; చూడనట్టు ఊరుకున్నాం.

అమ్మా ఉషారాణి గారూ, ఇకనైనా వేళకు భోంచేయండి, ఫోను పక్కన పెట్టి కంటినిండా నిద్రపోండి. వెంకటేష్ గారి తోడుతో, వెంకటసుబ్బులమ్మ గారి పరిహాసాలతో, మీ ఇల్లు ఎల్లవేళలా కళకళలాడాలి. ఏ నొప్పీ దరిచేరని ఆరోగ్యంతో మీరు నిండు నూరేళ్ళు జీవించాలని మా విభాగమంతా మనసారా కోరుకుంటోంది. మా గురించి బెంగ వద్దు. మేమిక్కడ తప్పులు చేస్తూనే ఉంటాం, దాచుకోం.