మా మీద సమ్మె

(ఒహాయోలో ఒక ట్రామ్ కార్మిక సంఘ భవనం, 1919 మార్చి. ఉద్యోగాలు పోయిన మహిళా కండక్టర్ల వీడ్కోలు సభలో లుడ్మిలా హవ్రానెక్ ప్రసంగం.)

అధ్యక్షులు మెక్‌గ్రాత్ గారికి, వేదిక మీదున్న సంఘం పెద్దలకు, పదమూడు నెలలు నా బండి నడిపిన టీట్జ్ గారికి, వెనక గోడవారగా నిలబడ్డ నా తోటి ఆడవాళ్లకు నమస్కారం. కుర్చీలు చాలలేదట. మన వీడ్కోలు మనం నిలబడే వినాలి డెలియా, ఏం చేస్తాం! (నవ్వులు)

అధ్యక్షులవారు నన్ను నోరారా పొగిడారు. ఓపిక గలదాన్నట, నెమ్మదస్తురాలినట, టికెట్ల దగ్గర ఒక్క తప్పు చెయ్యలేదట. ఇంత బంగారం లాంటి మనిషిని ఎందుకు తీసేశారో మాత్రం చెప్పడం మరిచిపోయారు. పోనీలెండి, పెద్దవారు.

నా భర్త వాక్లావ్ ఈ సంఘం మనిషి, ఇదే లైన్లో కండక్టర్. న్యుమోనియాతో పోయాడు. మగవాళ్లు యుద్ధానికి వెళ్లి మనుషులు దొరకని రోజులు కనుక కంపెనీ అతని కోటు నాకిచ్చింది. చేతులు మడిచి కుట్టుకుని బండెక్కాను. ఇద్దరు పిల్లలు, మంచం పట్టిన అత్తగారు, అందరి తిండీ ఆ కోటు మీదే. మొదటిరోజు టీట్జ్ గారు, "ఆడది గంట కొడితే నా బండి కదలదమ్మా" అన్నారు. వారం తిరక్కుండానే, "నువ్వు రాని రోజు బండి నడపబుద్ధి కాదు తల్లీ" అన్నారు. అన్నారా లేదా? తల వంచుకోకండి, మంచి మాటే కదా.

ఇక డిసెంబరు సంగతి. యుద్ధం అయిపోయింది, మీరు సమ్మెకు దిగారు. జీతాల కోసం కాదు. ఆడవాళ్లను తీసెయ్యాలని. ఆ తెల్లవారే కంపెనీ మనిషి మా ఇంటికొచ్చాడు. "బళ్లు నడపడానికి ఇన్‌స్పెక్టర్లున్నారు. మీ ఆడవాళ్లు ఎక్కి గంట కొడితే చాలు, మీ ఉద్యోగాలు మీవే" అన్నాడు. సమ్మె కబురు విని మా ఆడ కండక్టర్లు నలభై మందీ అప్పటికే మా ఇంట్లో చేరారు. డెలియా కోటు వేసుకుని, "పదవే లుడ్మిలా, మన పీక కోసే కత్తి మనమే నూరి ఇవ్వాలా?" అంది.

నేను వాకిలికి అడ్డంగా నిలబడ్డాను. "సమ్మె అంటే సమ్మే. సమ్మెలో పనికి పోయినవాణ్ణి నా మొగుడు గడప తొక్కనిచ్చేవాడు కాదు. నా ఇంట్లోంచి ఎవ్వరూ పోవడానికి వీల్లేదు" అన్నాను. తిట్టుకుంటూనే అందరూ ఇళ్లకు పోయారు. మూడోరోజుకు కంపెనీ దిగొచ్చి, మార్చికల్లా మమ్మల్ని తీసేస్తానని ఒప్పుకుంది. మీరు ఈ హాల్లో పాటలు పాడుకున్నారు. ఆ గెలుపు ఎవరు పెట్టిన భిక్షో ఒక్కరికైనా తట్టిందా అయ్యా?

వాషింగ్టన్‌లో పోయిన నెల ఆడవాళ్ల ఓటు హక్కు బిల్లు ఒక్క ఓటు తేడాతో ఓడిపోయింది. మమ్మల్ని తీసెయ్యాలని మీరు తీర్మానం చేసిన రోజు ఈ హాల్లో మాకు ఆ ఒక్కటి తక్కువ కావడం కాదు, ఒక్కటీ రాలేదు.

ఇప్పుడేమో ఈ కార్డు! సంఘంలో గౌరవ సభ్యత్వం! పదమూడు నెలలు కాళ్లరిగేలా తిరిగితే "ఆడవాళ్లకు లేదు, పొండి" అన్న కార్డు, ఉద్యోగం ఊడగానే పూలగుత్తితో సహా వచ్చింది. సంతోషం. అధ్యక్షా, సభ్యులెవరైనా ఇక్కడ ప్రతిపాదన పెట్టొచ్చు కదా?

(అధ్యక్షుడు: "అంటే... గౌరవ సభ్యులు... సరే, పెట్టండి.")

ఆడవాళ్లను తీసెయ్యాలన్న తీర్మానం రద్దు చెయ్యాలని ప్రతిపాదిస్తున్నాను. బలపరిచేవారు లేవండి.

(మగవాళ్లెవరూ కుర్చీల్లోంచి లేవరు)

టీట్జ్ గారూ?

(టీట్జ్: "ఇప్పుడెందుకమ్మా ఇవన్నీ... భోజనాలు చల్లారిపోతున్నాయి.")

చల్లారనివ్వండి. డెలియా, ఆ పొద్దున నువ్వు చెప్పిందే నిజం. మీ నోట్లో మట్టి కొట్టింది వీళ్లొక్కళ్లే కాదు, నేను కూడా. నన్ను క్షమించండి. వాళ్లు మన అన్నలనుకున్నాను.

భోజనాలు ఏర్పాటు చేసినవారికి, పూలు తెచ్చినవారికి, ఓపిగ్గా విన్నవారికి ధన్యవాదాలు. కార్డు ఈ బల్ల మీద పెడుతున్నాను. అయ్యలారా, మీరు మళ్లీ సమ్మెకు దిగకపోరు, కంపెనీ మనిషి మళ్లీ మా ఇళ్లకు రాకపోడు. ఈసారి వాకిలికి అడ్డంగా నేనుండను.

సెలవు.