తాడు పట్టినవాడే నేస్తం

ఈ సంతాప సభకు వచ్చిన పెద్దలకు, మా ఆయనతో కలిసి గోడలకు రంగులు వేసిన అన్నలకు, వదినలకు దండాలు. నలుగురిలో నోరు విప్పడం నాకు ఇదే మొదలు. నేను చదివింది ఐదో తరగతి. ఈ కాగితం నేనే రాసుకున్నాను. నా కోడిగీతలు నాకే అర్థంకాక తడబడితే మన్నించండి.

ఇందాక మేస్త్రీగారు మాట్లాడారు. "నా నేస్తం పోయాడు" అని చదివి కళ్లు తుడుచుకున్నారు. నేను ఆ ఒక్క మాట గురించే చెప్పి కూర్చుంటాను.

పెళ్లయిన కొత్తలో పక్కింటామె నాకు సూదీ దారం ఇచ్చింది. "నాకో నేస్తం దొరికింది" అని మా ఆయనతో అన్నాను. ఆయన నవ్వారు. "సూది ఇచ్చినామెను అక్కా అను, చాలు. మా పనిలో తాడు పట్టినవాడే నేస్తం" అన్నారు. గోడ పక్కన తాడుకు కట్టిన పలక మీద వేలాడేవాడికి, డాబా మీద తాడు పట్టుకున్నవాడు కనపడడు. అందుకే "నేస్తం" అని కేకేస్తాడు. పైనుంచి "ఉన్నా" అని వినపడితేనే బ్రష్ ముంచుతాడు. ఆ మాటకు అర్థం అంతే. అంతకన్నా ఏం కావాలి?

మేస్త్రీగారు అప్పటికి మేస్త్రీ కాదు. ఒకరోజు గాలివానలో ఈయన పలక మీద ఉన్నారు, మా ఆయన తాడు దగ్గర ఉన్నారు. తడిసిన తాడు జారింది. మా ఆయన వదల్లేదు. అరచేతుల తోలు ఊడి వచ్చింది. పుండ్లు మానేదాకా అన్నం నేనే కలిపి పెట్టాను. "ఈ చేతులు పోతే మన గతేంటి?" అని కసిరితే, "వదిలేస్తే రేపు ఏ ముఖం పెట్టుకుని 'ఉన్నా' అంటానే?" అన్నారు. మేస్త్రీగారూ, ఆ పూట మీరు మా గడపలో కూర్చుని ఏడ్చారు. నన్ను చెల్లెమ్మా అన్నారు. గుర్తుందా?

మరి మొన్న ఏం జరిగింది? పక్క పలక మీద పని చేస్తున్న అన్న ఈ సభలోనే ఉన్నాడు. అతనే నాకు చెప్పాడు. మా ఆయన "నేస్తం" అని పిలిచారు. జవాబు లేదు. మళ్లీ పిలిచారు. లేదు. ఎందుకుంటుంది? కాంట్రాక్టరు కిందికి రమ్మన్నాడని, మీరు తాడును తుప్పు పట్టిన గొట్టానికి చుట్టేసి, మేస్త్రీ పని మాట్లాడుకోవడానికి దిగిపోయారు. గొట్టం విరిగింది. మీరు మేస్త్రీ అయ్యారు.

అంతటితో ఆగారా? తాగి పడ్డాడని పోలీసులకు చెప్పారు. దగ్గు మందు ఘాటుగా ఉందని ఉమ్మేసే మనిషి తాగాడా? ప్రాణం తీసింది చాలక పేరు కూడా తీశారు.

దేవుడే చూసుకుంటాడని వదినలు నన్ను ఓదారుస్తున్నారు. దేవుడి దాకా ఎందుకు వదినా, నేను లేనా?

మేస్త్రీగారూ, మీరు స్టేషనుకు వెళ్లి ఆ అబద్ధాన్ని వెనక్కి తీసుకోండి. తీసుకునేదాకా మీ పని ఎక్కడుంటే అక్కడికి వస్తాను. పలక ఎక్కే ప్రతివాణ్ణీ అడుగుతాను: "నాయనా, నీ తాడు ఎవరు పట్టుకున్నారు?" మీ కింద పలక ఎక్కేవాడు ఒక్కడు కూడా మిగలడు. చెల్లెమ్మా అన్నారుగా. పుట్టింటికి వచ్చినట్టే వస్తాను.

ఇందాక మీరు చదివిన కాగితాన్ని ఇంటికెళ్లి పొయ్యిలో పెట్టండి. ఆ మాట మీ దగ్గర ఉండకూడదు.

ఇక అందరూ లేవండి. కాసేపు మాట లేకుండా నిలబడండి. మేస్త్రీగారూ, మీరూ లేవండి. మా ఆయన పిలిచినప్పుడు పైనుంచి వినపడింది ఇదే. వినండి.