ఆరు దుకాణాల్లో వేలాడిన కాగితం

ఆ నాణేన్ని అంచైనా చూడకుండా దొంగదని ఎలా అనేశావురా? అది తెచ్చిన పెద్దాయన మెట్లు దిగుతూ మధ్యలో కూలబడ్డాడు, చూశావా? ఎక్కడ చూస్తావు, ఫోను చూసుకుంటున్నావు. ఆ భూతద్దం కింద పెట్టి విను.

మా అన్నయ్య, అంటే మీ పెద్దతాత, నువ్వు పుట్టకముందే పోయాడులే, ఇదే బల్ల దగ్గర కూర్చునేవాడు. పాత నాణెం ఎవరు తెచ్చినా బొమ్మ చూసేవాడు కాదు. నిలబెట్టి, అంచు చుట్టూ గోరు నడిపేవాడు. పోత పోసిన దొంగదైతే, ఎంత అరగదీసినా అచ్చు రెండు ముక్కలూ కలిసినచోట సన్నటి గీత గోరుకి తగులుతుంది. ఆ తర్వాతే తూకం. దొంగదని తేలితే పల్చటి కాగితం వేసి పెన్సిలుతో రుద్దేవాడు. బొమ్మ, గీతలు, సొట్టలు అన్నీ దిగేవి. ఆ కాగితాలు వీధిలో పాత నాణేలు కొనే ఆరు దుకాణాల్లోనూ వేలాడేవి. పై ఊళ్లకీ పోస్టులో పంపేవాళ్లం. ఆయన కాగితం పడిందంటే ఇక ఎవరూ కొనరు, ఆ నాణెం చచ్చినట్టే.

ఏం చెబుతున్నాను? ఆఁ, కుట్టుపనావిడ. మొగుడు పోయాక పెట్టెలో దొరికిందని వెండి నాణెం తెచ్చింది. అన్నయ్య గోరు నడిపాడు, తూచాడు, మళ్లీ తూచాడు. చెవులు ఎర్రబడ్డాయి. అలాంటి అసలుది జన్మలో చూడలేదు మరి. "దొంగదమ్మా. వెండి ధర ఇస్తాను" అన్నాడు. పక్కనే ఉండి నేను నోరు మెదపలేదు. ఆ పాపంలో నాకూ పాలుంది. డబ్బు తీసుకున్నా ఆవిడేమో లేవదే. "కాగితం వెయ్యరా అయ్యా? రేపు మీ దగ్గర్నుంచి ఎవడైనా ఎత్తుకుపోయి, నాలాంటిదాన్ని ఇంకొకత్తెని ముంచితే?" ఏం చేస్తాడు, కాగితాలన్నీ రుద్దాడు. "ఇలా ఇవ్వండి, దారే కదా" అని ఆరు దుకాణాలకీ తనే పంచి, పై ఊళ్లవి పోస్టులో వేసి వెళ్లింది మహాతల్లి.

నాలుగేళ్లకి వదినకి గుండె ఆపరేషన్ అన్నారు. డబ్బు కోసం అన్నయ్య ఆ నాణెం పట్టుకుని ఆరు గడపలూ ఎక్కాడు. "ఇది అసలుది. అప్పుడు అబద్ధమాడాను" అని ఒప్పుకున్నాడు. మూల దుకాణం బట్టతలాయన గోడమీది కాగితం తీసి పక్కన పెట్టి చూశాడు. "అన్నగారూ, అప్పటి మాట నమ్మాలా, ఇప్పటిదా?" అన్నాడు. నువ్వే అంచు చూడవయ్యా అంటే, "మీ గోరు ముందు మా గోరెంతండీ" అని చేతులు కట్టుకున్నాడు. ఒక్కడూ కొనలేదు.

అక్కడా ఇక్కడా అప్పు తెచ్చి ఆసుపత్రిలో చేర్చేసరికి ఆలస్యమైపోయింది. ఆ సంగతంతా అప్పటికే వదిన చెవిన పడింది. నేను గుమ్మంలోనే ఉన్నాను. "నాతో చెప్పినవాటిల్లో నిజాలు ఏవండీ?" అని అడిగింది, మెల్లగా. అన్నయ్య మంచం పట్టె పట్టుకుని నిలబడ్డాడు. ఏం చెప్పినా నమ్మదని ఆయనకి తెలుసు. మూడో రోజు ఆవిడ పోయింది.