వెలిగించమన్న నోటితోనే

భూకంపం వచ్చిన వారానికి, దెబ్బతిన్న కరెంటు ప్లాంటులో, బాయిలరు పక్కనున్న లిఫ్టు మధ్యలో ఆగిపోయింది. లోపల మేనేజరు, గోడకి వీపు ఆనించి ఫిట్టరు. కంట్రోలు రూములో ఉన్న ఆపరేటరు గొంతు గోడకున్న ఫోను స్పీకర్లోంచి వినిపిస్తోంది.

“మళ్ళీ భూమి కదిలిందా అమ్మా?”

“కదిలింది సార్. ఇక్కడ నా టీ కప్పు గలగలలాడింది.”

“ఎంతసేపు పడుతుంది? చూడు, నాకు... నాకు ఇలాంటి ఇరుకు చోట్లు పడవు.”

“కూర్చోండి సార్. ఇదిగో, నా పనిముట్ల సంచీ మీద కూర్చోండి.”

“కూర్చోనయ్యా. ఇది ఊగుతోందేంటి?”

“మీరు కాళ్ళు మారుస్తున్నారు సార్. అందుకు. వదినా, లిఫ్టు ఎందుకాగిందో చూశావా?”

“చూశాను మరిదిగారూ. కుదుపుకి లిఫ్టు లైను పడిపోయింది. ఉన్న కరెంటంతా ఫ్యాన్లకీ పంపులకీ పోతోంది. జనరేటరు ఇంకో బల్బు కూడా మొయ్యనంటోంది.”

“ఆగాగు. వదినా? ఆవిడ నీకు వదినా?”

“మా అన్నయ్య భార్య సార్. అన్నయ్యది కింద, మంట పెట్టే బర్నర్ల దగ్గర పని.”

“బాగుంది. ఇది ప్లాంటా, మీ ఇంటి వసారానా? సర్లే. లిఫ్టుకి కరెంటు ఎప్పుడొస్తుందమ్మా?”

“బాయిలరు వెలిగి, మన యూనిట్టు నడిస్తే వస్తుంది సార్.”

“అయితే వెలిగించండి! తొందరగా.”

“అదే పనిలో ఉన్నారు సార్. మీరు పేపరు ఫోటో కోసం పైకి వెళ్తూ, నా కోసం ఆగొద్దన్నారుగా. ఆ హోరు వినిపిస్తోందా? ఫ్యాన్లు. లోపలి పాత గాలంతా ఊదేసి, తర్వాత మంట పెడతారు.”

“హమ్మయ్య. విన్నావా ఫిట్టరూ? బయటపడ్డట్టే. ఏం, మాట్లాడవేం?”

“ఏం మాట్లాడమంటారు సార్. నిన్న మాట్లాడాను.”

“మళ్ళీ ఆ కడ్డీల గొడవేనా?”

“మళ్ళీ ఆ కడ్డీలే సార్. ఇంత బాయిలరూ నేల మీద కూర్చోలేదు కదా. పై దూలాలకి కడ్డీలతో వేలాడుతోంది. ఆ కడ్డీలకి బీటలున్నాయి. ఒకటైతే తెగిపోయే ఉంది.”

“రంగు ఊడుంటుంది.”

“చెయ్యి పెట్టి చూశాను సార్. గోరు దిగింది.”

“లిఫ్టు ఆగే చోటు దాటాక మెట్లు వంగిపోయాయి, ఎవరూ ఎక్కొద్దని బోర్డు పెట్టించాను. ఎలా ఎక్కావ్?”

“ఆ వంగిన మెట్లే ఎక్కాను.”

“అదీ తప్పు! అసలు నీ మీద చర్య తీసుకోవాలి.”

“తీసుకోండి సార్. మరి పైనంతా చూశామని మీరు హెడ్డాఫీసుకి చెప్పారు. ఎవరు చూశారు సార్?”

“బైనాక్యులర్స్‌తో చూశాం.”

“కింద నుంచా?”

“కింద నుంచే. ఏం, కింద నుంచి కనపడదా?”

“పొగ గొట్టం కనపడుతుంది సార్.”

“వెటకారమా? నువ్వొకసారి నా కుర్చీలో కూర్చుని చూడు. ఊరంతా చీకటి. ఆసుపత్రిలో డీజిలు అయిపోవస్తోందని ఊపిరి తీసుకోనివ్వకుండా ఫోన్లు. సాయంత్రానికల్లా కరెంటిస్తామని హెడ్డాఫీసు వాళ్ళు పేపర్లో వేయించేశారు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. నన్నేం చెయ్యమంటావ్?”

“ఊరి సంగతి నిజమే సార్. కానీ ఈ బాయిలరు కూలిందంటే ఊరికి ఏళ్ళ తరబడి చీకటే.”

“కూలదు!”

“సార్, మధ్యలో వస్తున్నానని అనుకోకండి. నీళ్ళు నింపేశాం. వేడెక్కితే బాయిలరు గొట్టాలన్నీ సాగుతాయి, భారమంతా మిగిలిన కడ్డీల మీదే. ఇక ఆ లిఫ్టు ఏ స్తంభాలకి బిగించారో తెలుసుగా?”

“ఏ... ఏ స్తంభాలకి?”

“బాయిలరుని మోసే స్తంభాలకే సార్.”

“అమ్మా, ఆ ఫ్యాన్లు ఆపు.”

“ఫ్యాన్లు ఆపితే సరిపోదు సార్. వెలిగించమన్న నోటితోనే ఆపమనాలి. ప్లాంటంతా వినపడేలా మైకులో, కారణంతో సహా. భూకంపం రోజు తలా ఒక మాట అరిచారని ఈ పద్ధతి మీరే పెట్టారు.”

“నేను చెప్పానని నువ్వు చెప్పు.”

“నా మాటకి ఎవరూ ఆపరు సార్. మా ఆయనే ఆపడు.”

“ఇంట్లో అయితే ఆపుతాడు సార్.”

“నువ్వుండవయ్యా! అమ్మా, మోటారు గదికి ఎవర్నైనా పంపు. చేత్తో చక్రం తిప్పి దించుతారు కదా?”

“మనుషులెక్కడున్నారు సార్? అందర్నీ బర్నర్ల దగ్గరే నిలబెట్టారు. వెలిగించడం ఆగితే వస్తారు.”

“ముందు నుయ్యి, వెనక గొయ్యి. పోనీ, భోజనాలకి వదిలేస్తున్నామని చెబుదామా?”

“తినొచ్చి వెలిగిస్తారు సార్.”

“సాంకేతిక కారణాల వల్ల అంటాను.”

“హెడ్డాఫీసు వాళ్ళు కూడా ఆ మైకు లైన్లోనే వింటున్నారు సార్. ఏం కారణాలని అడుగుతారు.”

“నా ఉద్యోగం పోతుందమ్మా! అర్థం చేసుకో. ఒక పని చెయ్యి. మీ ఆయన్ని ఏదో వంక పెట్టి బయటికి పిలువు. నేనేం అనను.”

“మా ఆయన తప్పుకుంటే ఆ చోట ఇంకొకావిడ మొగుడు నిలబడతాడు సార్. నాకు భయంగా ఉంది. వెళ్ళొద్దని ఎంత మొత్తుకున్నా, మేనేజరుగారు చూసే ఉంటారులే అని వెళ్ళాడు.”

“అలా... అలా అన్నాడా?”

“అలాగే అన్నాడు సార్. నవ్వుతూ.”

“సార్, హోరు తగ్గుతోంది. గాలి ఊదడం అయిపోవచ్చింది.”

“ఏయ్, ఊపకు!”

“నేను కదల్లేదు సార్.”

“కలుపు. అమ్మా, మైకు కలుపు.”

“కలిపాను. మాట్లాడండి సార్.”

“అందరికీ... అందరికీ, మేనేజర్ని మాట్లాడుతున్నాను. మంట పెట్టొద్దు. వినపడిందా? మంట పెట్టొద్దు. బర్నర్ల దగ్గరున్న వాళ్ళంతా బయటికి వెళ్ళిపొండి. బాయిలరు కింద ఎవరూ ఉండొద్దు. కారణం... కారణం ఏంటంటే, పైన కడ్డీలు బీటలిచ్చాయి. ఫిట్టరు చూసొచ్చి చెప్పాడు. నేను వినలేదు. పైకెళ్ళి చూశామని నేను హెడ్డాఫీసుకి చెప్పింది అబద్ధం. అంతే. ఇంకా నిలబడ్డారేంటి, పొండి, బయటికి పొండి!”

“వదినా, అన్నయ్య?”

“వస్తున్నాడు. కిటికీలోంచి కనపడుతున్నాడు. అందరూ వచ్చేస్తున్నారు. ఒకరు, ఇంకొకరు... అందరూ వచ్చేశారు మరిదిగారూ.”

“మరి నా సంగతేంటమ్మా? మోటారు గదికి పంపు ఎవర్నైనా. నాకు ఊపిరాడట్లేదు.”

“ఎవరూ అక్కర్లేదు సార్. భూమి ఏం కదల్లేదు. మరిదిగారూ, లిఫ్టు ఆపే ఆ బటన్ మీంచి ఇక వీపు తియ్యండి.”